డయాలసిస్ వాళ్లకు హెపటైటిస్: ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

చెన్నైలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా నాన్నగారు డయాలసిస్ చేయించుకుంటున్నారని తెలిసినవాళ్లు చాలామంది నాకూ పంపారు. అందులో ఉన్నదిది: "డయాలసిస్ మిషన్‌లో అందరి రక్తం ఒకే దారిన పోతుంది, అందుకే కామెర్ల వైరస్ అందరికీ అంటుకుంటుంది. ఒకసారి వచ్చిందా, ఇక మందు లేదు, కిడ్నీ మార్పిడి కూడా చెయ్యరు. టీకా కిడ్నీ రోగులకు పనిచెయ్యదు, డబ్బు దండగ. ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టండి. కీళానెల్లి, అంటే నేల ఉసిరి, పచ్చి రసం పరగడుపున తాగితే వైరస్ పోతుంది. వీలైనంత వరకు డయాలసిస్ తగ్గించుకోండి."

పంపినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ డయాలసిస్ యూనిట్ బయట కుర్చీల్లో నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చి కూర్చున్నవాళ్లు దీన్ని చదివి ఎంత బెంగపడుతున్నారో చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. డయాలసిస్ రోగుల్లో హెపటైటిస్ బి, సి (లివర్‌ని దెబ్బతీసే వైరస్‌లు, మెసేజ్‌లో 'కామెర్ల వైరస్' అన్నది వీటినే) మామూలు జనంలో కంటే ఎక్కువన్నది నిజమే. ఆ మాట దాచక్కర్లేదు. అయితే ఈ మెసేజ్ జనం కళ్లను చూడాల్సిన చోటి నుంచి పక్కకి తిప్పేస్తోంది. నా బాధంతా అదే.

ముందు మిషన్ సంగతి. రోగి రక్తం మిషన్ లోపలికి పోదు. ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన రక్తనాళంలో) పెట్టిన సూది నుంచి ప్లాస్టిక్ ట్యూబుల్లోకి, అక్కణ్నుంచి రక్తాన్ని వడపోసే డయలైజర్‌లోకి, మళ్లీ ఇంకో సూది గుండా ఒంట్లోకి వస్తుంది. పంపు ఆ ట్యూబును బయటి నుంచి నొక్కుతూ తిప్పుతుంది, అంతే. మిషన్ లోపల తిరిగేది డయాలసిస్ ద్రవం. డయలైజర్‌లో రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య సన్నని పొర ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ సైజు సుమారు 42 నానోమీటర్లు. ఆ పొర రంధ్రాలు కొద్ది నానోమీటర్లు మాత్రమే. పొర చిరిగితే తప్ప వైరస్ అటు దాటడం కష్టం. ఇంకో దారి కూడా ఉంది. ప్రెషర్ కొలిచే చోట ట్యూబుకీ మిషన్‌కీ మధ్య చిన్న గుండ్రటి ఫిల్టర్ ఉంటుంది. రక్తం ఎగదన్ని అది తడిస్తే వెంటనే మార్చాలి. రక్తం దాన్ని దాటి లోపలికి వెళ్లిందేమో కూడా చూడాలి. చూడకుండా తర్వాతి రోగిని ఎక్కిస్తే ప్రమాదమే. అంటే మిషన్ పాత్ర బొత్తిగా లేదని కాదు, కానీ అసలు దారి అది కాదు.

అసలు దారి చేతులు. హెపటైటిస్ సి డయాలసిస్ యూనిట్లలో పాకిన చోటల్లా విచారణ చేస్తే ఎక్కువగా తేలింది ఇదే: మార్చని గ్లవ్స్, ఒకే సీసాలోంచి చాలామందికి తీసిన ఇంజెక్షన్, సరిగ్గా తుడవని మంచం, మిషన్ బటన్లు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో, బయట గాలిలో, కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మరక కంటికి కనబడాల్సిన పని కూడా లేదు.

షిఫ్ట్ మారే ఆ అరగంట గమనించండి. పొద్దున షిఫ్ట్ రోగికి సూదులు తీస్తుంటారు, దూది నొక్కి పట్టుకోమంటారు. ఇంతలో పక్క మిషన్ అలారం కూస్తుంది. టెక్నీషియన్ అవే గ్లవ్స్‌తో వెళ్లి బటన్ నొక్కి అలారం ఆపేస్తారు. రెండో షిఫ్ట్ వాళ్లు అప్పటికే తలుపు దగ్గర బరువు చూసుకుని నిలబడి ఉంటారు, సాయంత్రం బస్సు అందదని తొందర. దుప్పటి మారుతుంది, మంచం రెయిలింగ్ మాత్రం తడి గుడ్డ చూడదు. ట్రేలో పెట్టిన హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సీసా ఒకటే, మంచం మంచానికీ తిరుగుతుంది. ఒక్కో టెక్నీషియన్ మీద ఎంతమంది రోగుల భారం పడుతోందో నాకు తెలుసు, వాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వైరస్‌కి ఆ అరగంట చాలు. మందును రోగుల మంచాలకు దూరంగా, శుభ్రమైన చోట, ఒక్కొక్కరికీ విడిగా సిరంజిలోకి తీసుకురావాలి. రోగి రోగికీ మధ్య గ్లవ్స్ మార్చాలి, చేతులు శుభ్రం చేసుకోవాలి. ఖరీదైన టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. "మిషన్ వల్లే" అని మనమే నమ్మేస్తే ఈ ప్రశ్నలు అడిగేవాడే ఉండడు.

ఇక్కడే ఇంకో మాట. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వేరే గది, వేరే మిషన్ ఉండాలి, వాళ్ల డయలైజర్‌ని రీయూజ్ చెయ్యకూడదు, అంటే కడిగి మళ్లీ వాడకూడదు. ఇందులో రాజీ లేదు. సి విషయంలో అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు వేరే మిషన్ తప్పనిసరి అనవు. మన దగ్గర చాలా సెంటర్లు పెడతాయి, పెడితే మంచిదే. కానీ వైరస్ ఉన్నవాళ్ల కోసం 'పాజిటివ్ మిషన్' పక్కన పెట్టేశాం కాబట్టి గ్లవ్స్ సంగతి ఎలా ఉన్నా ఫరవాలేదనుకుంటే ఆ మిషన్ ఎవరినీ కాపాడదు. పైగా డయాలసిస్ రోగుల్లో సి సోకిన కొత్తలో యాంటీబాడీ టెస్ట్ (వైరస్‌ని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న రక్షక పదార్థాన్ని వెతికేది) నెగటివ్‌గా రావొచ్చు. అప్పటికి అతను 'నెగటివ్ మిషన్' మీదే ఉంటాడు. కామెర్లు కనబడవు, కళ్లు పచ్చబడవు. అందుకే రక్తపరీక్షలే దిక్కు: డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు బి, సి రెండూ, తర్వాత సి కోసం ఆరు నెలలకోసారి. బి రక్షణ లేనివాళ్లకైతే బి పరీక్ష నెల నెలా చెయ్యాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. రిపోర్టుల ఫైలు మీ దగ్గర ఉంచుకోండి, సెంటర్ వాళ్ల దగ్గర ఉందిలే అనుకోవద్దు.

"మందు లేదు" అన్నది పాతకాలపు మాట. ఒకప్పుడు సి కి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రైబావిరిన్ మాత్రలు ఇచ్చేవారు. రైబావిరిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, కిడ్నీలు పనిచెయ్యనివాళ్లలో అది పేరుకుపోయి ఎర్ర రక్తకణాలను పగలగొట్టేది. అసలే రక్తహీనతతో ఉన్న డయాలసిస్ రోగి దాన్ని తట్టుకోలేకపోయేవాడు. ఈ మెసేజ్‌కి మూలం బహుశా ఆ రోజుల అనుభవమే. ఇప్పుడు నోటి మాత్రలే ఉన్నాయి. మామూలుగా 12 వారాల కోర్సు, వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. సోఫోస్‌బువిర్ ఉన్న మందులను డయాలసిస్ రోగులకు కూడా వాడవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019లో తన సూచనల్లో చేర్చింది. మన దేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లోని చికిత్స కేంద్రాల్లో మాత్రలు ఉచితం. ఏ మందు, ఎన్ని వారాలు అన్నది డాక్టరే చెప్పాలి.

నయమయ్యాక కూడా యాంటీబాడీ టెస్ట్ పాజిటివ్‌గానే వస్తుంది, చాలామందికి జీవితాంతం. కోర్సు అయిపోయాక 12 వారాలకు చేసే, రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ టెస్ట్‌లో వైరస్ లేకపోతే రోగం పోయినట్టే. ఈ తేడా తెలియక, నయమైనవాళ్లను కూడా "మీరు పాజిటివ్, వేరే సెంటర్ చూసుకోండి" అని పంపేసినవాళ్లను చూశాను. ఆర్‌ఎన్‌ఏ రిపోర్ట్ చూపించి గట్టిగా అడగండి. అయితే ఒకసారి నయమైతే మళ్లీ రాదని లేదు, జాగ్రత్తలన్నీ మామూలే.

కిడ్నీ మార్పిడి కూడా ఆగదు. సి ఉన్నవాళ్లకు మార్పిడికి ముందో తర్వాతో మందులిచ్చి నయం చేస్తున్నారు. బి పూర్తిగా పోయే మందు ఇంకా రాలేదు కానీ, ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలతో అదుపులో పెట్టి మార్పిడి చేస్తున్నారు.

టీకా విషయంలో మెసేజ్ సగం నిజం పట్టుకుని మొత్తం అబద్ధం చేసింది. డయాలసిస్ రోగుల్లో బి టీకా మామూలువాళ్లలో పనిచేసినంతగా పనిచెయ్యదు, నిజమే. ఆ కారణంగానే వాళ్లకు డోసు రెట్టింపు. 20 మైక్రోగ్రాముల టీకా రకమైతే 40 మైక్రోగ్రాములు చొప్పున నాలుగు సార్లు: మొదటిరోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ లెవెల్ చూస్తారు, 10 యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. తర్వాత ఏటా చూసి, 10 కంటే తగ్గితే బూస్టర్ వేస్తారు. కిడ్నీలు ఇంకా కాస్త పనిచేస్తుండగానే వేయించుకుంటే ఫలితం మెరుగు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) పెరుగుతోందని డాక్టర్ చెప్పిన రోజే టీకా గురించి అడగాలి. సి కి టీకా లేదు.

కంచం, గ్లాసు. దీని గురించి రాస్తుంటే మనసు కలుక్కుమంటుంది. ఆస్పత్రి దగ్గర లాడ్జిలో దిగిన నెల్లూరు ఆవిడ ఒకరు నాకు తమ స్టీలు కంచం తిప్పి చూపించారు. అడుగున మేకుతో ఇంటూ గుర్తు గీసి ఉంది. "ఇది ఆయనదన్నా, పిల్లోళ్లు ముట్టుకోకుండా" అన్నారు. ఆయన వరండాలో కూర్చుని తింటున్నారట. హెపటైటిస్ బి, సి అన్నం వల్ల, నీళ్ల వల్ల, ఒకే మంచం మీద కూర్చోవడం వల్ల రావు. అలా కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా వచ్చేవి ఎ, ఇ. బి, సి రక్తం ద్వారా వస్తాయి, బి లైంగిక సంబంధం ద్వారా కూడా. వేరు పెట్టాల్సింది రేజరు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్, షుగర్ చూసుకునే సూది. చాలా ఇళ్లలో ఒకటే గ్లూకోమీటర్, అదే లాన్సెట్ పెన్నుతో ఇద్దరు ముగ్గురు వేలు గుచ్చుకుంటారు. ఆపాల్సింది అది. ఇంట్లో బి ఉన్నవాళ్లుంటే మిగతా అందరికీ పరీక్ష చేయించి, అవసరమైనవాళ్లకు టీకా వేయించండి. ఆ మనిషిని మాత్రం అందరితో పాటు కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

నేల ఉసిరి కథ మన చెన్నైదే. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. నేల ఉసిరి మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో బి వైరస్ ఉందని చూపే యాంటిజెన్ పోయిందని అందులో ఉంది. ఎంతో ఆశపెట్టిన ఫలితం అది. అయితే 1990లో థాయిలాండ్‌లో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష అప్పటివరకు జరిగిన ట్రయల్స్ అన్నీ పరిశీలించి, ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఆ పరిశోధన బి గురించి, అది కూడా డయాలసిస్ రోగుల మీద చేసింది కాదు. మన పేషెంట్లకు కూరగాయలు కూడా ఉడికించి, నీళ్లు వార్చి పెట్టమంటారు, పొటాషియం పెరుగుతుందని. అలాంటివాళ్లకు పరగడుపున గ్లాసుడు పచ్చి ఆకు రసమా? దయచేసి వద్దు.

ఇక "డయాలసిస్ తగ్గించుకోండి" అన్న ఆఖరి వాక్యం. మిగతావన్నీ అపోహలు, ఇది ప్రాణాలు తీసే మాట. హెపటైటిస్ సి లివర్‌ని దెబ్బతీయడానికి సాధారణంగా ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది, ఈలోపు మందు ఉంది. డయాలసిస్ మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవడానికి కొద్ది రోజులు చాలు. మీ సెంటర్ శుభ్రత మీద అనుమానం ఉంటే నెఫ్రాలజిస్ట్‌తో (కిడ్నీ డాక్టర్‌తో) మాట్లాడండి, గ్లవ్స్ మార్చమని నోరు తెరిచి అడగండి. అయినా మారకపోతే ఇంకో సెంటర్‌లో స్లాట్ ఖాయం చేసుకుని అక్కడికి మారండి. అది దొరికేదాకా ఉన్నచోట ఒక్క సెషన్ కూడా వదలొద్దు.