కొండపల్లి అడవి చెత్తకుప్పా?

ఆదివారం కొండపల్లి ఖిల్లా రోడ్డెక్కితే ఒళ్లు మండిపోతుంది. బెజవాడ పక్కన ఇంత రిజర్వ్ ఫారెస్ట్ మిగలడమే గొప్ప. అందులో బండి ఆపి స్పీకర్లు పెట్టి డ్యాన్సులేంటి? ఎముకలతో సహా బిర్యానీ కవర్ ముడేసి పొదల్లోకి విసిరేస్తారు. కోతులు అది చింపి ప్లాస్టిక్ కూడా నమిలేస్తున్నాయి, కళ్లారా చూశాను. బీరు సీసా రాయికేసి కొట్టడం ఏం సరదా? ఎండుగడ్డి మీద సిగరెట్ పీక పడేస్తే ఏమవుతుందో తెలియదా?

మన కొండపల్లి బొమ్మలకు కావలసిన తెల్ల పొణికి చెట్లు ఈ కొండల్లో పెరుగుతాయి. చిరుతలుండే అడవి ఇది. గ్రావెల్ కోసం గుట్టలు తవ్వేసింది చాలలేదా? చెత్త ఎందుకు పడేస్తున్నారని అడిగితే ‘నీ అబ్బ సొత్తా?’ అంటూ మీదికొస్తారు. తెచ్చిన కవర్ తిరిగి బండిలో పెట్టుకెళ్తే ఏం పోయింది?