ఉతికాక మిగిలేదెంత? సూక్ష్మజీవి నిరోధక వస్త్రాలకు అసలు పరీక్ష

సూక్ష్మజీవులను చంపే నానోరేణువులపై మన విశ్వవిద్యాలయాల నుంచి వెలువడే పరిశోధన పత్రాల్లో ఒక ఫొటో దాదాపు తప్పనిసరి. పెట్రీ డిష్ అనే పల్చటి పళ్లెంలో జెల్లీ మీద పెంచిన బ్యాక్టీరియా మధ్య వెండి నానోరేణువులు పట్టించిన చిన్న గుడ్డముక్క ఉంటుంది, దాని చుట్టూ ఏమీ పెరగని తేటైన వలయం కనిపిస్తుంది. వలయం ఎంత వెడల్పైతే విజయం అంత గొప్పదని పత్రం తేలుస్తుంది, దాని ఆధారంగా వచ్చే వార్తా అదే రాస్తుంది. అయితే ఆ వలయం ఏర్పడాలంటే వెండి గుడ్డను విడిచి చుట్టూ ఉన్న జెల్లీలోకి పాకాలి. ఒక్క రాత్రిలో అంత దూరం పాకిన లోహం పది ఉతుకుల తర్వాత గుడ్డలో ఎంత మిగులుతుందన్న ప్రశ్న చాలా పత్రాల్లో చివరి పేరాలో కూడా కనిపించదు. వస్త్రాల విషయంలో మొట్టమొదట అడగవలసింది ఆ ప్రశ్నే. సూక్ష్మజీవిని చంపగల రేణువును నేడు డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనూ తయారుచేయవచ్చు. దానిని నూలుపోగుకు గట్టిగా పట్టించడం, ఊడిపోయినది ఎక్కడికి చేరుతుందో లెక్క చెప్పడం మాత్రం ఇంకా కుదురుకోని పని.

ఈ ఇబ్బంది వెండి పనిచేసే తీరులోనే ఉంది. 1 నుంచి 100 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు) మధ్య పరిమాణంలో ఉన్న రేణువులకు బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ. తేమ, ఆక్సిజన్ తగిలినప్పుడు ఆ ఉపరితలం నుంచి వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) విడుదలై, బ్యాక్టీరియా ప్రొటీన్లలో గంధకం ఉన్న భాగాలకు అతుక్కుని ఎంజైములను స్తంభింపజేస్తాయి, కణపు పొరను దెబ్బతీస్తాయి. అంటే వెండి పనిచేయాలంటే కొంత కరగక తప్పదు. అసలు కరగకపోతే బట్ట మామూలు బట్టే, తొందరగా కరిగితే నెల తిరిగేసరికి మళ్లీ మామూలు బట్టే. రాగి ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ రేణువులకూ కొద్ది తేడాలతో ఇదే చిక్కు ఉంది. టైటానియం డయాక్సైడ్ దారి వేరు, దానికి అతినీలలోహిత కాంతి కావాలి కాబట్టి ఆసుపత్రి వార్డు వెలుతురులో దాని ప్రతాపం అంతంతమాత్రమే.

మన దగ్గర వేపాకు, తులసి ఆకుల రసంతో సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణాన్ని నానోరేణువులుగా మార్చే ‘గ్రీన్ సింథసిస్’ పరిశోధనలకు కొదవ లేదు. విషపూరితమైన రసాయనాల వాడకం తగ్గడం మంచిదే. కానీ వేపాకు రసంతో చేసినంత మాత్రాన వెండి వెండి కాకుండా పోదు, కాల్వలోకి చేరాక అది ఏ రసంతో పుట్టిందో ఏ చేపా అడగదు. మిల్లులో అసలు తిప్పలు ఆ తర్వాతి దశలో మొదలవుతాయి. బట్టను రేణువుల ద్రావణంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, వేడిలో క్యూరింగ్ చేస్తారు, అంటే పూత గట్టిపడేలా చేస్తారు. పత్తిలోని సెల్యులోజ్‌కు లోహరేణువులను తనంతట తాను గట్టిగా పట్టి ఉంచే గుణం లేదు కాబట్టి బైండర్ అనే జిగురు కలపాలి. బైండర్ తక్కువైతే రేణువు ఊడిపోతుంది, ఎక్కువైతే బట్ట బిరుసెక్కుతుంది, రేణువు జిగురు కిందే సమాధి అవుతుంది. ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ విశ్వవిద్యాలయంలో అహరోన్ గెడాంకెన్ బృందం అల్ట్రాసౌండ్ తరంగాలతో ద్రవంలో బుడగలు పగిలేలా చేసి, ఆ తాకిడితో రేణువులను పోగులోకి దిగగొట్టే పద్ధతిని అభివృద్ధి చేసింది. పాలిస్టర్ అయితే దారం తీయకముందే కరిగిన పాలిమర్‌లో రేణువులను కలిపేయవచ్చు.

ఈ పద్ధతుల మధ్య తేడా ఎంత ఉంటుందో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్, వెస్టర్‌హాఫ్ 2008లో చూపించారు. వాసన రాకుండా నానో వెండి కలిపామని చెప్పి అమ్ముతున్న మేజోళ్లను కొని నీటిలో పదేపదే జాడించి, ఆ నీటిలో వెండిని కొలిచారు. ఒక రకం నాలుగు ఉతుకుల్లోనే దాదాపు మొత్తం వెండిని వదిలేసింది, మరో రెండు రకాలు ఒక శాతం కూడా వదలలేదు. అన్నింటి మీదా రాసి ఉన్న హామీ మాత్రం ఇంచుమించు ఒకటే. రేణువు గొప్పతనం కన్నా దాన్ని పట్టించిన తీరు ముఖ్యమని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కొన్నవారికి ఆ తేడా కనిపెట్టే మార్గం ఒక్కటీ లేదు.

ప్యాకెట్ మీద కనిపించే ‘99.9 శాతం’ సంగతీ చూడాలి. ఎన్ని బ్యాక్టీరియాతో మొదలుపెట్టారు, ఎంతసేపు ఉంచారు అన్నవి చెప్పకుండా ఈ అంకెకు అర్థం లేదు. వస్త్రాలకు వాడే ప్రామాణిక పరీక్షల్లో సాధారణంగా బట్టను తడిపి 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. నర్సు వేసుకునే దుస్తులు పొడిగా ఉంటాయి, వాటి మీద రోగి శరీరం నుంచి కొత్త సూక్ష్మజీవులు గంట గంటకూ వచ్చి పడుతుంటాయి. పైగా వెయ్యింట ఒకటి మిగిలినా, అనుకూలమైన తేమలో 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా, చంపే పదార్థం ఆగిపోయిన మరుక్షణం నుంచి మూడున్నర గంటల లోపే పాత సంఖ్యకు చేరుకోగలదు. ఈ లెక్క కాగితం మీదిదే కావచ్చు. వార్డులో ఏం జరుగుతుందో చూసిన ప్రయోగం కూడా ఒకటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐసీయూలో పనిచేసే 40 మంది నర్సులకు 12 గంటల డ్యూటీల్లో మామూలు స్క్రబ్స్ (ఆసుపత్రి సిబ్బంది డ్యూటీ దుస్తులు), వెండి మిశ్రమం కలిపిన స్క్రబ్స్, క్వాటర్నరీ అమ్మోనియం అనే సూక్ష్మజీవి నాశక రసాయనం పూత ఉన్న స్క్రబ్స్ వంతులవారీగా వేయించి పరీక్షించారు. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం దుస్తులకు అంటిన సూక్ష్మజీవుల విషయంలో ఆ మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రయోగశాలలో గెలిచిన బట్ట వార్డులో ఓడిపోయింది.

మన దేశంలో ఈ బట్టలకు మరో గండం ఉంది. మన్నిక పరీక్షలు యంత్రంలో, నిర్ణీత ఉష్ణోగ్రతలో, నిర్ణీత డిటర్జెంట్‌తో జరుగుతాయి. ఇక్కడ బట్ట సబ్బుబిళ్ల క్షారంలో నానుతుంది, బ్రష్షు దెబ్బ తింటుంది, చాలా చోట్ల ఇంకా బండ మీద బాదించుకుంటుంది. ఆసుపత్రి దుప్పట్లను బ్లీచింగ్ ద్రావణంలో ముంచడం మామూలే, ఆ క్లోరిన్ తగిలితే వెండి సిల్వర్ క్లోరైడ్‌గా మారిపోతుంది. విదేశీ ప్రమాణం ప్రకారం 50 ఉతుకులు తట్టుకుందన్న సర్టిఫికెట్ వరంగల్‌లోనో విజయవాడలోనో ఒక ప్రభుత్వాసుపత్రి లాండ్రీలో ఎన్ని ఉతుకులకు సమానమో ఎవరైనా కొలిచి చెప్పవలసిందే.

ఊడిన లోహం ఏమవుతుందన్న దాని మీద పరిశ్రమ వాదనలో కొంత నిజం ఉంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో వెండి ఎక్కువ భాగం గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది, దాని విషప్రభావం చాలా తక్కువ. కానీ మన ఇళ్ల ఉతుకు నీరంతా శుద్ధి కేంద్రం గుండా వెళ్లదన్నది అందరికీ తెలిసిందే. లోహం కన్నా భయపెట్టేది నిరోధకత, అంటే తనను చంపే పదార్థాన్ని బ్యాక్టీరియా తట్టుకునే గుణం. వెండికి బ్యాక్టీరియా అలవాటు పడదన్న ప్రచారం పాతది, తప్పుడుది కూడా. 1975లోనే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌ను తట్టుకునే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. అది వెండితో పాటు క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందులనూ తట్టుకుంది. ఇటువంటి నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరగల చిన్న డీఎన్‌ఏ వలయం) మీద కలిసి ప్రయాణించగలవు కాబట్టి, వెండి ఒత్తిడి తగిలినచోట యాంటీబయాటిక్ నిరోధకత కూడా దానితో పాటే పెరిగే అవకాశం ఉంటుంది. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రపంచానికి చెప్పారు. అలాంటి నేపథ్యం ఉన్న చోట, మేజోళ్ల వాసన పోగొట్టడం కోసం నీళ్లలోకి మరో సూక్ష్మజీవి నాశకాన్ని వదలడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు బేరం కాదు. ఆ వాసన సంగతైనా, బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2014లో 26 మంది వ్యాయామం చేశాక విప్పిన టీషర్టులను పరిశీలించి, పాలిస్టర్ మీద మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా ప్రత్యేకంగా పెరుగుతోందని, పత్తి బట్టలకన్నా అవే ఎక్కువ కంపు కొడుతున్నాయని చూపింది. పాలిస్టర్ తెచ్చిన సమస్యకు వెండి మందు రాయడం కన్నా నూలు చొక్కా తొడుక్కోవడం చవక.

అలాగని ఈ సాంకేతికతను మొత్తంగా తోసిపుచ్చలేం. కాలిన గాయాలకు, మానని పుండ్లకు వాడే వెండి డ్రెస్సింగుల్లో వెండి కరగడమే కావలసిన పని. ఒకసారి వాడి, వైద్య వ్యర్థాలతో పాటు పారేస్తారు కాబట్టి ఉతుకు సమస్య రాదు. కోవిడ్ కాలంలో హైదరాబాద్‌లోని పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు మంటలో ద్రావణాన్ని చిమ్మి సుమారు 20 నానోమీటర్ల రాగి ఆధారిత రేణువులను తయారుచేసి, బెంగళూరుకు చెందిన రెసిల్ కెమికల్స్‌తో కలిసి మాస్కుకు పూతగా వేశారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కరోనా వైరస్ మీద దాన్ని పరీక్షించారు. పారేసిన మాస్కు కూడా అంటువ్యాధికి వాహకం కాకూడదన్న లక్ష్యం స్పష్టంగా ఉంది కాబట్టి అది అర్థవంతమైన ప్రయత్నం. అవసరం కచ్చితంగా తెలిసినచోట, వాడకం అదుపులో ఉన్నచోట నానోరేణువుకు చోటుంది.

ఆసుపత్రి దుప్పట్ల విషయంలో మాత్రం లోహం కాని దారులు నాకు ఎక్కువ ఆశాజనకంగా కనిపిస్తున్నాయి. ఎన్-హాలమైన్ అనే రకం సమ్మేళనాలను పత్తికి రసాయన బంధంతో అతికిస్తే, వాటిలోని నైట్రోజన్‌ను పట్టుకుని ఉన్న క్లోరిన్ సూక్ష్మజీవిని చంపుతుంది. ఆ క్లోరిన్ ఖర్చయ్యాక పలుచని బ్లీచింగ్ నీటిలో జాడిస్తే బట్ట మళ్లీ శక్తి పుంజుకుంటుంది. వెండిని పాడుచేసే అదే బ్లీచింగ్ ఇక్కడ ఇంధనం, మన లాండ్రీల అలవాటుకు ఇంతగా అతికే పద్ధతి మరొకటి లేదు. క్లోరిన్ వాసన, ఎండలో ఆరేస్తే బలం తగ్గడం దీని లోపాలు, పరిశోధన సాగవలసింది అక్కడే. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు రొయ్య పొట్టు నుంచి తీసే, సూక్ష్మజీవులను అణచే కైటోసాన్ అనే పదార్థం సహజంగానే ఆకర్షణీయం. అయితే అది ఆమ్ల గుణం ఉన్నచోటే బాగా పనిచేస్తుంది, సిట్రిక్ ఆమ్లం వంటివాటితో పత్తికి బంధించకపోతే సబ్బునీటికి ఆగదు.

నియంత్రణలో మనం బాగా వెనుకబడ్డాం. యూరప్‌లో సూక్ష్మజీవి నాశక గుణం ఉందని చెప్పుకునే వస్త్రం లేబుల్ మీద వాడిన పదార్థం పేరు రాయాలి, అది నానో రూపంలో ఉంటే ఆ మాటా చేర్చాలి. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ 2011లో బట్టలకు వాడే ఒక నానో వెండికి షరతులతో అనుమతి ఇస్తే, బట్టను నోట్లో పెట్టుకునే పసిపిల్లల ప్రమాదం విషయంలో ఆ సంస్థ తన సొంత కొలమానాన్నే పాటించలేదంటూ 2013లో అప్పీళ్ల కోర్టు ఆ అనుమతిలో కొంత భాగాన్ని కొట్టివేసింది. మన దగ్గర అటువంటి లేబుల్ నిబంధన లేదు. కేంద్రం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్‌ను ప్రకటించింది. అటువంటి నిధులతో నడిచే ప్రతి ప్రాజెక్టులోనూ పెట్రీ డిష్ ఫొటోకు ముందు ఉతుకు లెక్క అడగవచ్చు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రులకు దుప్పట్లు, గౌన్లు కొనే టెండర్లలో మూడు అంకెలు కోరితే చాలు: మన లాండ్రీ పద్ధతిలో 30 ఉతుకుల తర్వాత బట్టలో మిగిలిన పదార్థం ఎంత, ఆ ఉతుకు నీటిలోకి ఊడిపోయినది ఎంత, అప్పటి బట్ట పొడిగా ఉన్నప్పుడు రెండు గంటల్లో ఎన్ని సూక్ష్మజీవులను చంపగలిగింది. ఇవి చూపలేని సరఫరాదారుకు మామూలు నూలు దుప్పటి ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ చెల్లించడానికి ఆసుపత్రికి కారణం ఉండదు.