ఒక్క కణాన్ని వేడి చేయలేం, కణితిని చేయగలం

క్యాన్సర్ కణంలోకి ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులను పంపి, బయటి నుంచి వేగంగా దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రం పెట్టి, ఆ కణాన్ని మాత్రమే లోపలి నుంచి కాల్చేస్తామనే మాట సైన్స్ వార్తల్లో తరచూ కనిపిస్తుంది. పక్కనున్న మంచి కణానికి సెగైనా తగలదంటారు. ఇది రోగుల్లో లేనిపోని ఆశలు రేపుతోంది, పరిశోధనను కూడా పక్కదారి పట్టిస్తోంది. కొద్దిపాటి లెక్కతోనే ఆ సంగతి తేలిపోతుంది.

ఒక కణం 10 పికోగ్రాముల ఇనుమును మింగిందనుకుందాం. గ్రాముకు 100 వాట్ల వేడినిచ్చే రేణువులైతే ఆ కణంలో పుట్టేది ఒక నానోవాట్. కణం వ్యాసార్థం 10 మైక్రాన్లు, చుట్టూ ఉన్నది దాదాపు నీరే. పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పారిపోతుంది. కణం ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో లక్షో వంతు. కణాన్ని చంపడానికి కావలసిందేమో 37 నుంచి 43 డిగ్రీలకు, అంటే ఆరు డిగ్రీలు. లోటు నాలుగున్నర లక్షల రెట్లు. కుంపట్లోంచి తీసి పక్కన పెట్టిన ఒంటి నిప్పుకణిక ఎంతసేపు నిలుస్తుంది? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోయెద్ రాబిన్ 2002లోనే ఈ విషయాన్ని లెక్కగట్టి చూపించారు. కణం లోపల వేడి పుట్టినా, కణాల మధ్య పుట్టినా ఉష్ణోగ్రత పరంగా తేడా ఏమీ లేదని తేల్చారు.

కణితి మొత్తాన్ని తీసుకుంటే కథ మారుతుంది. పెరిగే ఉష్ణోగ్రత కణితి వ్యాసార్థపు వర్గాన్ని బట్టి ఉంటుంది. సెంటీమీటరు అడ్డుకొలత ఉన్న కణితి నడిబొడ్డున ఆరు డిగ్రీలు పెంచడానికి, రక్తప్రవాహాన్ని పక్కన పెడితే, ఘన సెంటీమీటరుకు 0.3 వాట్లు చాలు. అంటే పైన చెప్పిన రేణువులు మూడు మిల్లీగ్రాములు. అదే మిల్లీమీటరు కణితికైతే ఘన సెంటీమీటరుకు 30 వాట్లు, అంటే 300 మిల్లీగ్రాములు కావాలి. అంత ఇనుము అందులో పట్టించడం అసాధ్యం. ఒళ్లంతా చెదిరిన చిన్న చిన్న క్యాన్సర్ గడ్డలకు ఈ చికిత్స అందదని చెప్పడానికి ఇంతకుమించి రుజువు అక్కర్లేదు.

అసలు చిక్కు అంచు దగ్గర ఉంది. నడిబొడ్డున ఆరు డిగ్రీలు పెరిగితే అంచున పెరిగేది నాలుగే, అంటే 41 డిగ్రీలు. పరిశోధకులు సపరేటో, డ్యూయీ 1984లో ఇచ్చిన ఉష్ణమోతాదు సూత్రం ప్రకారం 43 డిగ్రీల దగ్గర గంటసేపు చేసే పనికి 44 డిగ్రీల దగ్గర అరగంట చాలు, 42 దగ్గర నాలుగు గంటలు పడుతుంది. 41 దగ్గరైతే 16 గంటలు. కణితిని దాటి పారే రక్తం అంచును ఇంకా చల్లబరుస్తుంది. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ తిరగబెట్టేది ఎక్కువగా పాత అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే. ఎక్కడ వేడి తక్కువో, జబ్బు మళ్లీ మొలిచేది సరిగ్గా అక్కడే.

ఈ పద్ధతి మనుషుల్లో ఎక్కువ దూరం వెళ్లింది జర్మనీలో. ఆండ్రియాస్ యోర్డాన్ బృందం, మాగ్‌ఫోర్స్ సంస్థ తయారుచేసిన ద్రవంలో మిల్లీలీటరుకు 112 మిల్లీగ్రాముల ఇనుము ఉండేది. దాన్ని సూదితో నేరుగా కణితిలోకి ఎక్కించి, 100 కిలోహెర్ట్జ్ క్షేత్రంలో గంట చొప్పున ఆరుసార్లు వేడి చేసి, తోడుగా రేడియేషన్ ఇచ్చారు. కణం తన డీఎన్‌ఏను మరమ్మతు చేసుకోకుండా వేడి అడ్డుకుంటుంది కాబట్టి రేడియేషన్‌తో జోడించడం సబబే. ఒకసారి వేడి తగిలిన కణాలు తమను వేడి నుంచి కాపాడే హీట్ షాక్ ప్రోటీన్లు పోగేసుకుని కొంతకాలం మొండికేస్తాయి. అందుకే రెండు విడతల మధ్య రెండు మూడు రోజుల వ్యవధి ఉండాలి. 2011లో వెలువడిన ఫలితాల్లో, జబ్బు తిరగబెట్టిన 59 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల మధ్యస్థ జీవితకాలం తొలిసారి తిరగబెట్టినప్పటి నుంచి సుమారు 13 నెలలు. ఆశాజనకమే. కానీ ఆ పరీక్షలో పోల్చి చూసే రెండో జట్టు లేదు, పాత రికార్డులతోనే పోల్చారు. శస్త్రచికిత్సకు, ఇంజెక్షన్‌కు తట్టుకోగల రోగులను ఎంచుకున్నప్పుడు ఆ ఎంపికే కొన్ని నెలలు కలపగలదు. సంస్థ 2022లో దివాలాకు వెళ్లింది, ప్రశ్న అలాగే మిగిలింది.

రోగి పడే ఇబ్బందులూ చిన్నవి కావు. తలకు దగ్గరలో లోహం ఉండకూడదు కాబట్టి పళ్లలోని ఫిల్లింగులు, తొడుగులు తీయించుకోవాలి. కణితిలో ఇనుము ఉండిపోతుంది కనుక ఆ తర్వాత ఎంఆర్‌ఐ పనికిరాదు, సీటీతోనే సరిపెట్టుకోవాలి. క్షేత్రం తీవ్రతను ఇష్టం వచ్చినట్టు పెంచడానికీ వీల్లేదు. శరీరంలో పుట్టే సుడి విద్యుత్తు వల్ల మంచి కండ కూడా వేడెక్కుతుంది, ఆ వేడి శరీర భాగం అడ్డుకొలత వర్గంతో పెరుగుతుంది. తల తట్టుకునే క్షేత్రాన్ని నడుము భాగం తట్టుకోలేదు.

సూదితో పొడవకుండా రక్తంలోకి ఎక్కిస్తే? పదేళ్ల పరిశోధనలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. మిగతావాటిలో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. చేరినవాటిని కణం లైసోజోముల్లో, అంటే తన జీర్ణ సంచుల్లో, కుక్కేస్తే అవి గుంపుకట్టి, తిరగలేక, పరీక్షనాళికలో ఇచ్చినంత వేడి ఇవ్వలేవు. పరీక్షనాళిక అంకెలు చూపి చికిత్స సిద్ధమైందనే ప్రకటనలను అందుకే నమ్మకూడదు.

కణం లోపలికి పంపడం వృథా అని మాత్రం అనను. ప్యూర్టోరికో పరిశోధకులు 2011లో, క్యాన్సర్ కణాల మీదుండే ఈజీఎఫ్ఆర్ గ్రాహకానికి అతుక్కునే రేణువులు వాడినప్పుడు, ద్రవం ఉష్ణోగ్రత గుర్తించదగినంత పెరగకుండానే కణాలు చనిపోయాయని చూపారు. లైసోజోము పొర చిరగడం అందుకు కారణం కావచ్చు. అది నిజమైతే ఉష్ణచికిత్స పేరు పెట్టకుండా, థర్మామీటరుతో కొలవకుండా, వేరే మందుగా వేరే మోతాదుతో పరీక్షించాలి.

ఇక కణితిని వేడి చేసే పద్ధతికి కావలసింది కొత్త రేణువు కంటే ముందు సరైన పరీక్ష. ఒకే రకం రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, రెండు జట్లకూ ఒకే రేడియేషన్ ఇచ్చి, ఒక జట్టుకే వేడిని కలపాలి. ప్రతి రోగికీ కణితిలో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రతతో సరిపెట్టకుండా, అంచులో ఎంత భాగం 43 డిగ్రీలు దాటిందో, ఎన్ని నిమిషాలో ప్రచురించాలి.