షుగరు డాక్టరు దగ్గరికి మామూలు రోజులాగే వెళ్ళండి

గుంటూరు కొత్తపేటలో ఉదయం ఏడున్నరకు ల్యాబు ముందు వరుసలో నిలబడితే ఒక మాట తరచుగా చెవిన పడుతుంది: "రెండు రోజులుగా అన్నం ముట్టలేదండీ, ఈసారి తగ్గే ఉంటుంది." విజయవాడ సూర్యారావుపేటలోనూ ఇదే మాట. మా బాబాయిని వెంటబెట్టుకుని నాలుగేళ్లుగా ఈ రెండు పేటలూ తిరుగుతున్నాను. డాక్టరు దగ్గర మార్కులు తగ్గకూడదన్న ఆ తాపత్రయం చూస్తే బాధేస్తుంది. రెండు రోజుల పస్తుతో వచ్చిన అంకెను చూసి డాక్టరు మూడు నెలలకు మందు రాస్తారు. ఆ మందు వాడబోయేది మాత్రం రోజూ రెండు పూటలా అన్నం తినే మనిషి.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు మా బాబాయి చేశారు. పరగడుపున రక్తం ఇచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నారు. పరీక్ష ఉంది కదా అని ఉదయం మాత్ర వేసుకోలేదు. రెండు గంటల తర్వాత చూస్తే 290. డాక్టరు మోతాదు పెంచబోయి, పెన్ను ఆపి అడిగారు: "పొద్దున మాత్ర వేసుకున్నారా?" ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే, పెరిగిన మాత్రతో మామూలు రోజున ఇంట్లో షుగరు పడిపోయి ఉండేది.

జబ్బు ఉందో లేదో తేల్చే మొదటి పరీక్ష వేరు. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఆపైన గానీ ఉంటే, సాధారణంగా మరోసారి పరీక్షించి మధుమేహమని నిర్ధారిస్తారు. ఆ తర్వాత చేసే పరీక్షలన్నీ వాడుతున్న మందు పనిచేస్తోందా అని చూడటానికే. మందు మానేసి మందును పరీక్షించలేం. కాబట్టి డాక్టరు వేరే విధంగా చెప్పి ఉంటే తప్ప, పరగడుపు రక్తం ఇచ్చాక రోజూ వేసుకునే మాత్ర లేదా ఇన్సులిన్ వేసుకుని, రోజూ తినేదే తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టుకోవాలి.

ఇంకో సంగతి నన్ను బాగా కలవరపెడుతుంది. మాచర్ల వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కిన పెద్దవాళ్ళు ఖాళీ కడుపుతో గుంటూరు చేరి, పదిన్నరకు రక్తం ఇస్తారు. ముందు రాత్రి ఎనిమిదింటికి తిన్న మనిషి, అందులోనూ రాత్రి ఇన్సులిన్ తీసుకున్న మనిషి, పద్నాలుగు గంటలు పస్తుండటం ప్రమాదం. పరగడుపు పరీక్షకు ఎనిమిది గంటలు చాలు, మంచినీళ్ళు తాగవచ్చు. ఆ పరీక్ష ముందు రోజే సొంత ఊళ్ళో చేయించి కాగితం తెచ్చుకోవచ్చు. హెచ్‌బీఏ1సీకి అసలు పస్తే అక్కర్లేదు. ఫోను చేసి ఏ పరీక్షలు కావాలో ముందే అడిగితే సగం అవస్థ తప్పుతుంది. దారిలో చెమటలు పట్టి, చేతులు వణికితే పరీక్ష సంగతి మరిచిపోయి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. పావుగంటలో కుదుటపడకపోతే మళ్ళీ తాగాలి. తాగలేనంత మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

హెచ్‌బీఏ1సీ కూడా అన్నివేళలా నిజం చెప్పదు. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. అది డాక్టరుకు మీరు చెప్పాల్సిందే. పక్కింటివారి అంకెతో పోల్చుకోవడం మాత్రం వద్దు. చాలామందికి ఏడు లోపు లక్ష్యం, వయసు మళ్ళి గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవారికి డాక్టర్లే కొంత సడలిస్తారు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది అని లెక్కగట్టింది. అంతమందికి షుగరు, థైరాయిడ్ లాంటివి చూసే హార్మోన్ల నిపుణులు, అంటే ఎండోక్రినాలజిస్టులు, ఎక్కడ సరిపోతారు? మనకు దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే చీటీ ఒక్కటే కాదు, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాలి. ఆకుమందు, పొడులు, మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో వేయించుకున్న సూది కూడా దాచకూడదు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు అమాంతం పెరుగుతుంది. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. తిడతారని భయపడి దాచిన మాటే చాలాసార్లు డాక్టరుకు అన్నిటికన్నా అవసరమైన మాట.

మామూలు షుగరుకు మంచి ఫిజీషియన్ చాలు. ఇన్సులిన్ వేసుకునే పిల్లలు, గర్భిణులు, షుగరు పదే పదే పడిపోయేవారు, థైరాయిడ్ గడ్డలు, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథుల సమస్యలున్నవారు మాత్రం ఎండోక్రినాలజిస్టును చూడాలి. బోర్డు మీద షుగరు నిపుణులని ఉంటే సరిపోదు, ఎం.డి. తర్వాత ఎండోక్రినాలజీలో డి.ఎం. లేదా దానికి సమానమైన డిగ్రీ ఉందా అని చూసుకోండి. ఖర్చు గురించి అడగడానికి మొహమాటం వద్దు. 2025 మార్చిలో పేటెంటు ముగిశాక ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర ధర బాగా దిగింది. పాత ధరకు భయపడి మానేసినవారు మళ్ళీ అడగవచ్చు.

బెజవాడ ఎండల్లో ఇన్సులిన్ తెచ్చుకునేవారు దాన్ని బండి డిక్కీలో పెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టే అర దగ్గర ఉంచకూడదు.

ఇక పాదాలు. ఏడాదికొకసారి కంటి వెనుక పొర, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, పాదాల స్పర్శ చూడాలి. మొదటి రెండూ చీటీ మీద రాస్తారు గానీ, రద్దీలో పాదాలు మరుగున పడిపోతాయి. ఒకసారి నేనే అడిగి చూపించాను. డాక్టరు సన్నటి నైలాన్ పోగుతో బాబాయి అరికాలిని తాకుతూ "తగిలినప్పుడు చెప్పండి" అన్నారు. ఆయన కళ్ళు మూసుకుని, ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తున్నారు. అప్పటికి నాలుగు చోట్ల తాకడం అయిపోయింది. బొటనవేలి కింద ఎండిపోయిన బొబ్బ ఒకటి ఉంది. అంతకు నెల ముందే ఆయన భవానీ దీక్షలో చెప్పుల్లేకుండా ఇంద్రకీలాద్రి ఎక్కి వచ్చారు. ఆ బొబ్బ ఎప్పుడు లేచిందో ఆయనకు తెలియనే తెలియదు.

ఇప్పుడు బాబాయి పేరు పిలవగానే లోపలికి వెళ్ళి, ఫైలు ఇవ్వకముందే చెప్పులు విడిచి, పాదాలు ముందుకు చాపి కూర్చుంటారు.