ఆ పాత ధర ఎప్పటిది?

పండగ ఇంకా వారం ఉండగానే సరుకుల దుకాణాల్లో ఎర్ర బోర్డులు వెలిశాయి. పైన ఒక అంకె, దాని మీద అడ్డంగా గీత, కింద ఇంకా పెద్ద అక్షరాల్లో ఆఫర్ ధర. ఇంటికి పదిమంది భోజనానికి వచ్చే రోజు కదా, జాబితా పట్టుకుని వెళ్లిన మనిషి ఆ గీత చూసి ఒకటికి రెండు బుట్టలో వేసుకుంటాడు. ఇంతకీ ఆ కొట్టేసిన ధర ఎప్పటిది? నిన్నటిదా, పోయిన నెలదా? అసలు ఏనాడైనా, ఎవరైనా ఆ ధరకు కొన్నారా?

దుకాణం చెప్పదు. చెప్పి తీరాలని దాన్ని అడిగేవాడూ లేడు. మా కోపమంతా ఇందుకే.

తంతు అందరికీ తెలిసిందే. వంద ఉన్న సరుకును పండగకు ముందు చడీచప్పుడు లేకుండా నూట ముప్పై చేస్తారు. పండగ వారంలో నూట ముప్పైని కొట్టేసి నూట పది అంటారు. కొన్నవాడు ఇరవై మిగిలిందని సంబరపడతాడు, పోయింది పది. ఆస్ట్రేలియాలో వ్యాపార పోటీని, వినియోగదారుల హక్కులను చూసే కమిషన్ 2024 సెప్టెంబరులో అక్కడి రెండు అతిపెద్ద సూపర్ మార్కెట్ సంస్థల మీద ఇలాంటి ఆరోపణతోనే కోర్టుకెక్కింది. వందలాది సరుకుల ధరను కొద్దికాలం కనీసం 15 శాతం పెంచి, తర్వాత కాస్త దించి, ధర తగ్గిందని చాటుకున్నారన్నది కమిషన్ వాదన. దించాక కూడా ఆ ధర మొదటి ధరకు సమానమో, ఎక్కువో!

జర్మనీ ముచ్చట ఇంకా విడ్డూరం. ఒక సూపర్ మార్కెట్ అరటిపళ్ల మీద 23 శాతం తగ్గింపని ప్రకటించింది. ఆఫర్ ధర 1.29 యూరోలు. అదే ప్రకటనలో చిన్న అక్షరాల్లో, గత 30 రోజుల కనిష్ఠ ధర కూడా అచ్చంగా 1.29 యూరోలే. ఇక తగ్గిందెక్కడ? ఐరోపా సమాఖ్యలో 2022 మే 28 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తగ్గింపు ప్రకటించేవాళ్లు అంతకుముందు 30 రోజుల్లోని కనిష్ఠ ధరను చూపించాలి. చూపిస్తే చాలదు, శాతాన్ని కూడా ఆ ధర మీదే లెక్కగట్టాలని సమాఖ్య న్యాయస్థానం 2024 సెప్టెంబరులో తేల్చేసింది. పాత ధర ఎప్పటిదన్న ప్రశ్నకు అక్కడ చట్టం రాసిపెట్టిన జవాబు ఉంది.

పోటీలో నిలబడాలంటే తగ్గించక తప్పదని, ఆఫర్లన్నీ బూటకం కాదని దుకాణదారులు అంటారు. కాదనం. బ్రిటన్‌లో పోటీ నియంత్రణ సంస్థ సభ్యత్వ కార్డుల మీద ఇచ్చే ధరలను దాదాపు 50 వేల సరుకుల విషయంలో పరిశీలించి, 92 శాతం అసలైన తగ్గింపులేనని 2024 నవంబరులో చెప్పింది. మంచిదే. కానీ అక్కడ ఒకరు కూర్చుని పాత ధరలు తీసి చూశారు కాబట్టి ఆ సంగతి తేలింది. చూసే నాథుడే లేనిచోట నిజాయితీగా తగ్గించిన దుకాణదారుకు కూడా సాక్ష్యం చెప్పేవాడు ఉండడు. పెంచి తగ్గించినవాడి బోర్డే అందరికంటే పెద్దదిగా ఉంటుంది.

నష్టానికి అమ్మే సరుకులూ ఉంటాయి, నిజమే. ఆ ఒకటి రెండూ ప్రకటనలో మొదట కనిపిస్తాయి, మనిషిని గుమ్మం దాటిస్తాయి. మిగతా జాబితా అంతా లోపల అరల్లో పూర్తి ధరకే నిండుతుంది. ఒక్క సరుకు కోసం వెళ్లి దాన్ని మాత్రమే తీసుకుని బయటపడే ధీరులు ఎంతమందో పాఠకులే చెప్పాలి.

ఇక ఈ వారంలో సలహాలకు కొదవ ఉండదు. ప్యాకెట్ ధర కాదు, కిలోకి ఎంత పడుతుందో చూడండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోకండి. పాత బిల్లులు దాచుకోండి. బరువు చదవండి. అన్నీ మంచి మాటలే, పాటించినవాళ్లకు నాలుగు డబ్బులు మిగులుతాయి కూడా. కానీ కిలో ధర మిల్లీమీటరు అక్షరాల్లో వేసింది ఎవరు? అదే డబ్బా, అదే ధర ఉంచి లోపల సరుకు తగ్గించింది ఎవరు? ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి, 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాల్లో అలా సరుకు తగ్గిన ప్యాకెట్ల దగ్గర ఆ సంగతి రెండు నెలల పాటు బోర్డు పెట్టి చెప్పాలి. చెప్పాల్సింది అమ్మేవాడు. మన దగ్గరేమో కనిపెట్టాల్సింది కొనేవాడు, అదీ పండగ రద్దీలో, వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటుంటే. ఏమిటీ టెన్షన్?

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పేజీ తిప్పితే మా పత్రికలోనూ ఆ గీత కొట్టిన అంకెలే కనిపిస్తాయి. ఆ ప్రకటనల డబ్బు మాకూ అందుతుంది. అందుకని నోరు మూసుకోవాలంటే మాత్రం కుదరదు. ఆ పాత ధర ఎప్పటిదో పక్కన తేదీతో సహా వేయమనండి, అదీ అచ్చేస్తాం.

తేదీ వేయించడానికి ఖజానా ఖాళీ అవదు. ప్రతి బిల్లూ కంప్యూటర్లోనే కొడుతున్నారు, నెల రోజుల ధరలు ఒక్క మీట నొక్కితే బయటికొస్తాయి. అవి తీసి చూపించమని అడిగే అధికారం ఒక అధికారికి ఇచ్చి, ఈ వారంలోనే దుకాణాలకు పంపాలి. ఏటా జరిగేది వేరు. పండగ వెళ్లిపోయాక, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అధికారులవి నాలుగు నోటీసులు, ఒక ఫొటో. ఈలోగా ‘తెలివిగా కొనండి’ అని పోస్టర్లు. అయ్యా, జనం తెలివి గురించి మీకు బెంగ అక్కర్లేదు. జీతం తీసుకుంటున్నది చూడటానికి, ముందు మీరు చూడండి.