ఇనుమూ ఇసకా మనవే, ఎత్తేవాళ్ళే కావాలి

బరువులు ఎత్తడంలో ఉత్తరాంధ్ర వాళ్ళతో మన గోదావరి వాళ్ళకు పోటీ వద్దు. వాళ్ళు ఆ పని ఎప్పుడో తేల్చేశారు. వీరఘట్టం వాడైన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకున్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్ళి, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం పట్టుకొచ్చారు. ఇంకా మనమూ ఎత్తుతామనడం ఏం మర్యాదండీ? వాళ్ళు ఎత్తుతారు, మనం ఇంటి జిమ్ములకు ఎత్తే సామాను తయారుచేద్దాం. ఏనుగులు మన దగ్గర దొరకవు గానీ మిగతా ముడిసరుకంతా ఉంది.

ఈ కుటీర పరిశ్రమకు 2020 లాక్‌డౌన్ ఊపిరిపోసింది. మార్చిలో మూసిన జిమ్ములు ఆగస్టు దాకా తెరవలేదు. ఖాళీగా కూర్చున్న కుర్రాళ్ళ చూపు పెరట్లో మిగిలిపోయిన సిమెంటు బస్తా మీద పడింది. అది మొదలు, రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ మేడమీద గదిలో చూసినా, గేదెల్ని అమ్మేసిన ఏ పాకలో చూసినా గుండ్రటి సిమెంటు బిళ్ళలే. ఇసక గోదావరి ఇస్తుంది. ఇనుము కావాలంటే పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్తే చాలు, రొయ్యల చెరువుల్లోంచి తీసేసిన ఏరేటర్ (నీళ్ళు చిలికే యంత్రం) షాఫ్టులు, ఆయిల్ ఇంజన్ చక్రాలు గుట్టలుగా పడి ఉంటాయి. ఏలూరు కాలువ గట్టు మీద నిలబడి ఆలోచిస్తే, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తిచేసింది వరి కోసమేనా అని అనుమానం వస్తుంది.

ఇక సాంకేతిక విషయాలు. కాంక్రీటు లీటరుకు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక డెల్టాలో చాలా ప్రతిభ వృథా అయింది. లీటరంటే కిలో అని పాలవాడి దగ్గర నేర్చుకున్న లెక్కతో మా వీధి తమ్ముడొకడు ఇరవై లీటర్ల రంగు బక్కెట్టు నిండా కాంక్రీటు పోసి, మధ్యలో పైపు గుచ్చి, ఇరవై కిలోల డంబెల్ అని పేరు పెట్టాడు. అది 48 కిలోలు. పోసిన చోటే ఉంది, కదల్లేదు. వాళ్ళ నాయనమ్మ దాని మీద తులసి కుండీ పెట్టి రోజూ నీళ్ళు పోస్తోంది. కాంక్రీటు గట్టిపడటానికి తడపడం, అదే క్యూరింగ్, మాత్రం భేషుగ్గా జరిగింది.

అసలు పద్ధతి ఇది. ఒలింపిక్ బిళ్ళ వ్యాసం 450 మిల్లీమీటర్లు. ఆ కొలతలో 20 కిలోల కాంక్రీటు బిళ్ళ కావాలంటే రెండంగుళాల పైచిలుకు మందం పోయాలి. కంకర వద్దు, చిప్స్ వాడాలి. లోపల కోళ్ళ గూటికి కట్టే జాలీ ముక్క వేయాలి. అచ్చుకు సెంట్రింగ్ పలకలకు రాసినట్టు ఆయిల్ రాయాలి. లేకపోతే అచ్చూ బిళ్ళా విడిపోవు. తర్వాత తడి గోనెసంచి కప్పి వారం రోజులు ముట్టుకోకూడదు. వ్యాయామశాస్త్రంలో మనవాళ్ళు క్రమం తప్పకుండా పాటించే నియమం ఈ ముట్టుకోకపోవడం ఒక్కటే. అంతర్వేది వైపు వాళ్ళకు చిన్న మనవి: సముద్రపు ఇసక వాడకండి. ఉప్పుకి లోపలి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, బిళ్ళ పగులుతుంది. అంత దూరం ఆలోచించడం అనవసరమంటారా, కింద పడేస్తే ఏ ఇసకదైనా పగులుతుంది.

కడ్డీ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. మగవాళ్ళ ఒలింపిక్ కడ్డీ 2.2 మీటర్లు, 20 కిలోలు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్లు. ఐరన్ షాపులో అడిగితే నోటిలెక్క చెప్తారు: మిల్లీమీటర్ల మందాన్ని మందంతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో. ఆ లెక్కన, చివర్ల లావు తొడుగులు లేని 28 ఎం.ఎం. గట్టి కడ్డీ 2.2 మీటర్లకు పదిన్నర కిలోలు దాటుతుంది. మనవాళ్ళు దీనికి బదులు బోరు తీసేసినప్పుడు మిగిలిన అంగుళం జి.ఐ. పైపు తెస్తారు. అది పేరుకే అంగుళం, బయటి కొలత 33.7 మిల్లీమీటర్లు, పిడికిలి సరిగా మూసుకోదు. బరువు పెరిగితే వంగుతుంది, వంగినది మళ్ళీ లేవదు. పైపును తిరగేసి ఎత్తితే రెండోవైపు వంగి దానంతటదే సరి అవుతుందని మా ఊళ్ళో ఒక వాదం ఉంది. దానికి ఈ వ్యాసకర్త మద్దతు లేదు.

కడ్డీని భుజాల ఎత్తులో ఆనించే ఇనుప చట్రం, అదే స్క్వాట్ రాక్, విషయంలో మన ప్రాంతం ప్రపంచానికే దారి చూపుతోంది. దాన్ని చేసేది గేట్లు చేసే వెల్డింగ్ షాపు కాబట్టి. మా ఊరి మేస్త్రీ రెండంగుళాల స్క్వేర్ పైపులు కోసి, అతికించి, తృప్తిగా చూసుకుని అడిగాడు:

"పైన ఏం డిజైన్ పెట్టమంటారు అబ్బాయిగారూ? హంసలా, కలశమా?"

"ఇది గేటు కాదు మేస్త్రీ గారూ, బరువులు పెట్టుకునేది."

"ఆయ్, అలాగేనండి. మరి బోడిగా ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారండీ?"

హంసలు పెట్టారు. రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన సిల్వర్ వేసి, హంసల ముక్కులకు బంగారు రంగు దిద్దారు. ఒలింపిక్స్‌లో ఎర్ర బిళ్ళ 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మన దగ్గర ఇంట్లో గోడలకు వేయగా మిగిలిన రంగు ఏదైతే అదే. అందుకని లేత గులాబీ రంగు బిళ్ళలు ఎక్కువ.

వీటిని ఎవరూ ఎత్తడం లేదని గిట్టనివాళ్ళు అంటున్నారు. పచ్చి అబద్ధం. బిళ్ళల్ని షాపు నుంచి ట్రక్కాటోలోకి ఎక్కించినవాడు ఎత్తాడు. మేడ మీదికి మోసిన ఇద్దరు ఎత్తారు. నల్లరేగడి నేల ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బి గచ్చు పగిలితే, ఆ గచ్చు మళ్ళీ చేసినప్పుడు తాపీ మేస్త్రీ, కూలీలు మొత్తం సామాను రెండుసార్లు ఎత్తారు. పనమ్మాయి గది ఊడ్చినప్పుడల్లా ఎత్తుతోంది. దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా (కత్తిసాము, కర్రసాము ప్రదర్శన) చూసొచ్చిన మర్నాడు యజమాని కూడా ఒకసారి ఎత్తాడు. ఒక్కడి కోసం పెట్టిన జిమ్ము ఇంతమందికి కండలు పెంచుతుంటే, ఆ ఒక్కడి పొట్ట సంగతి పట్టుకుని మాట్లాడటం సంస్కారం కాదు.

జాగ్రత్తలు అంటారా, రెండే చెప్తాను. బిళ్ళలు జారకుండా కడ్డీకి రెండు చివరలా క్లాంపులు బిగించాలి. మోటారు గొట్టానికి వేసే క్లిప్పు ఆపుతుందని నమ్మకండి, ఒకవైపు బిళ్ళలు జారిపోతే కడ్డీ రెండోవైపుకు విసురుగా తిరుగుతుంది. బెంచి మీద పడుకుని ఎత్తేవాళ్ళు రెండు పక్కలా ఛాతీ ఎత్తులో అడ్డుపట్టీలు వెల్డింగ్ చేయించుకోవాలి. అవి లేనప్పుడు పక్కన మనిషి ఉండాలి. ఫోన్‌లో వీడియో తీసే మనిషి ఆ లెక్కలోకి రాడు.

ఇక అరువు సంగతి. పెళ్ళిళ్ళ సీజన్‌లో షామియానా వాళ్ళు తాళ్ళు కట్టడానికి ఈ బిళ్ళలు అడుగుతారు. చేతికి రెండేసి చొప్పున పట్టుకుని, బీడీ నోట్లోంచి తీయకుండా మెట్లు దిగిపోతారు. ఇవ్వండి, ఇరుగుపొరుగు అన్నాక తప్పదు. కాకపోతే ప్రతి బిళ్ళ మీదా ఇంటిపేరు రాసుకుని, తిరిగొచ్చాక లెక్క చూసుకోండి. మా వీధిలో ఒకాయన ఎనిమిది బిళ్ళలు ఇస్తే ఏడు బిళ్ళలూ ఒక తిరగలి రాయీ వచ్చాయి. తగువు పెట్టుకుందామనే బయల్దేరాడు గానీ, పైపుకు తొడిగి చూస్తే చిల్లు సరిగ్గా సరిపోయిందట. ఇప్పుడు రెండో రాయి ఎవరింట్లో ఉందో వాకబు చేస్తున్నాడు.