అమ్మమ్మకు గుర్తింపు లేదు

మా అత్తగారు తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఆవిడ మా రెండున్నరేళ్ల అమ్మాయికి పప్పన్నం ముద్ద మింగడం నేర్పారు, చెప్పులు తిరగేయకుండా వేసుకోవడం నేర్పారు, తుమ్మితే చిరంజీవ అనిపించుకోవడం నేర్పారు. ఆస్ట్రేలియా ప్రభుత్వ లెక్క ప్రకారం ఆవిడ చేసిన శిశు సంరక్షణ సున్నా గంటలు. మొదట్లో నాకు కష్టంగా తోచిన మాట నిజమే. తరవాత, డే కేర్ రుసుములో కొంత ప్రభుత్వం భరించే శిశు సంరక్షణ రాయితీ (చైల్డ్ కేర్ సబ్సిడీ) నిబంధనలు చదివి నా అజ్ఞానానికి సిగ్గుపడ్డాను. చదివినది దాచుకోవడం పాపం కనుక నలుగురికీ చెబుతున్నాను.

అంతకు ముందున్న రెండు పథకాలను కలిపేసి 2018 జూలై 2న మొదలుపెట్టిన రాయితీ ఇది. పేరుకు తల్లిదండ్రులకు సాయం. డబ్బు మాత్రం తల్లిదండ్రుల చేతికి రాదు, నేరుగా డే కేర్ ఖాతాకు వెళుతుంది. ఇందులో ఎంతో ముందుచూపు ఉంది. మన చేతికిస్తే ఏం చేస్తామో వారికి తెలుసు, అమ్మమ్మకు చీర కొంటాం. రాయితీ పోగా మిగిలిన రుసుము మనం కట్టుకోవాలి. 2023 జూలై నుంచి అదీ బ్యాంకు ద్వారానో కార్డు ద్వారానో కట్టాలి తప్ప నోట్లు పట్టుకుని వెళ్లకూడదు.

తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఈ సాయం వర్తించదు. పన్ను మాత్రం వర్తిస్తుంది. మనిషి తాత్కాలికం కావచ్చు గానీ పన్ను శాశ్వతమన్న వేదాంతం ఇంత సూటిగా బోధించిన దేశం మరొకటి ఉంటుందా? శాశ్వత నివాసం వచ్చేదాకా మేము పూర్తి రుసుము కట్టి ఈ సత్యాన్ని మననం చేసుకున్నాం. ఆ తరవాత పాపకు మన ఊళ్లో వేయించిన టీకాల కార్డు పట్టుకుని వెళ్లి ఇక్కడి పట్టికలోకి ఎక్కించాం. రాయితీ కావాలంటే పిల్లకు టీకాలు వేయించి ఉండాలన్న విషయంలో నాకు వ్యంగ్యం రాదు, ఆ నిబంధన మంచిది.

ఇక ఆదాయం. జ్యోతిషం మూఢనమ్మకమని నవ్వేవారు ఒకసారి ఇక్కడికి రావాలి. మన పంచాంగం ఉగాదికి మొదలైతే ఇక్కడిది జూలై 1న, ఆషాఢం అటూ ఇటూగా మొదలవుతుంది. రాబోయే పన్నెండు నెలల్లో భార్యాభర్తలిద్దరి ఆదాయం కలిపి ఎంతో ముందే చెప్పాలి. సిద్ధాంతిగారు ఉండరు, ఎవరి పంచాంగం వారే రాసుకోవాలి. 2023 జూలైలో పెట్టిన లెక్క ప్రకారం ఏడాదికి 80,000 డాలర్ల లోపు కుటుంబానికి 90 శాతం రాయితీ. ఆపైన ప్రతి 5,000 డాలర్లకు ఒక శాతం తెగుతూ పోతుంది. ఆ మొదటి గీతను ఏటా ధరలను బట్టి కాస్త జరుపుతారు. గంటకు ఇంతకు మించిన రుసుము మేము లెక్కలోకే తీసుకోం అని ఇంకొక గీత ఉంది. డే కేర్ వారు ఆ గీత దాటితే, దాటిన మేరకు భారం మనదే.

జోస్యం తప్పితే? తప్పుతుందని ప్రభుత్వానికి ముందే తెలుసు. అందుకే రాయితీలో అయిదు శాతం పక్కన పట్టి ఉంచుతుంది. ఏడాది చివర అసలు ఆదాయంతో సరిచూసి, పట్టి ఉంచింది చాలకపోతే మిగతాది బాకీగా రాస్తుంది. మన పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు నాలుగూ ముందే తెలిసిపోతాయి. ఇక్కడ మొదటిది మనం చెప్పాలి, చివరిది వారు పంపుతారు. మార్చిలో మా ఆవిడకు కంపెనీ బోనస్ ఇచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

పని పరీక్ష దీని కంటే లోతైనది. ఇక్కడ లెక్కలన్నీ పక్షానికి. పౌర్ణమి, అమావాస్యలతో సంబంధం లేని పద్నాలుగు రోజుల పక్షం. తల్లీ తండ్రీ ఇద్దరూ పక్షానికి ఎన్ని గంటలు ‘గుర్తింపు పొందిన పని’ చేశారో చెబితే, ఇద్దరిలో ఎవరివి తక్కువో వారి గంటలను బట్టి రాయితీ గంటలు నిర్ణయిస్తారు. ఉద్యోగం పనే. కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా కూర్చోవడం పనే. చదువు పనే, ఉద్యోగం వెతుక్కోవడం పనే, స్వచ్ఛంద సేవ పనే. తన బిడ్డను తాను పెంచుకోవడం ఆ జాబితాలో లేదు. ఒక తల్లి జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లి కుక్కపిల్లలకు సీసాతో పాలు పడితే సమాజానికి సేవ చేసినట్టు. ఇంట్లో కూర్చుని తన పిల్లకు పాలు పడితే ఖాళీగా ఉన్నట్టు. ధర్మసూక్ష్మం అంటే ఏమిటో నాకు ఇక్కడే బోధపడింది.

2026 జనవరి 5 నుంచి ఈ పరీక్షను సడలించారు. పని ఉన్నా లేకున్నా అర్హులైన ప్రతి కుటుంబానికి పక్షానికి కనీసం 72 గంటలు ఇస్తున్నారు. ఇద్దరూ చెరో 48 గంటలకు మించి పని చేస్తే 100 గంటలు. 72 గంటలంటే వారానికి మూడు రోజులు. అది ఎలాగని మా అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టారు.

“అల్లుడు గారూ, పాప పొద్దున తొమ్మిదికి వెళ్లి నాలుగింటికి వచ్చేస్తుంది కదా. రోజుకు ఏడు గంటలు. 72 గంటలు పది రోజులకు వస్తాయి. మూడు రోజులే అంటారేమిటి?”

“వాళ్లు పన్నెండు గంటలకు బిల్లు వేస్తారు అత్తయ్యా. మనం వాడుకున్నా మానినా.”

“మరి మిగతా అయిదు గంటలూ?”

మిగతా అయిదు గంటలూ పాప కుర్చీ అక్కడ ఉంటుంది. ఆ కుర్చీకి రాయితీ వస్తుంది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తోటికోడళ్ల పిల్లలతో కలిపి ఏడుగురిని ఒక్క చేత్తో పెంచిన మనిషి. విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్ల లోపు పిల్లలు నలుగురికి ఒక టీచరు ఉండి తీరాలి కాబట్టి, తెనాలిలో ఆవిడ చేసినది ఎంత పెద్ద ఉల్లంఘనో నేను చెప్పలేదు. పైగా సర్టిఫికెట్ లేదు. సందర్శక వీసా మీద వచ్చినవారు పని చేయకూడదన్నది ఒక నిబంధన, అమ్మమ్మ చేసేది పనే కాదన్నది ఇంకొక నిబంధన తాత్పర్యం. రెండు వేర్వేరు శాఖలు ఇంత చక్కగా ఏకాభిప్రాయానికి రావడం ఏ దేశంలోనూ చూడం.

చట్టానికి అమ్మమ్మ బొత్తిగా తెలియదనుకోవడం కూడా తప్పే. మనవల పెంపకం ప్రధానంగా తన మీదే పడి, తాను ప్రభుత్వ ఆదాయ సహాయం మీద బతుకుతున్న అమ్మమ్మకో నాయనమ్మకో ప్రత్యేక రాయితీ ఉంది. ఎందుకు? పిల్లను డే కేర్‌కు పంపడానికి.

రెండు రోజుల తరవాత ఆవిడే ఒక ఉపాయంతో వచ్చారు. పక్క వీధిలో ఉన్న మరో తెలుగు కుటుంబం ఇంటి దగ్గరే గుర్తింపు తీసుకుని నలుగురు పిల్లలను చూసుకుంటోందని విన్నారట. “అలాంటి గుర్తింపు నా కూతురూ తీసుకుంటే? ఆ అమ్మాయి మన పాపను, మన అమ్మాయి వాళ్ల బాబును చూసుకుంటారు. ఇద్దరికీ రాయితీ వస్తుంది. ఎవరి పిల్లలను వాళ్లు చూసుకుంటే కదా పని కానిది!” కానీ ఈ ఆలోచన ఇక్కడివారికి ఎప్పుడో వచ్చింది, ప్రభుత్వానికి కోపమూ వచ్చింది. ఇంటి దగ్గర పిల్లలను చూసుకునేవారు, తాము ఆ పని చేస్తున్న రోజున తమ పిల్లను అలాంటి మరో ఇంటికి పంపితే, కొన్ని మినహాయింపులు తప్ప రాయితీ రాదు. పిల్లలను ఇచ్చిపుచ్చుకోవడమని దానికో పేరు కూడా పెట్టారు. వాయినాలు ఇచ్చిపుచ్చుకునే జాతి మనది, మనకు తట్టకుండా ఉంటుందా?

గైర్హాజరు సంగతి చెప్పి ముగిస్తాను. పిల్ల రాకపోయినా డే కేర్ రుసుము వసూలు చేస్తుంది, ఆ రోజుకూ ప్రభుత్వం తన వాటా కడుతుంది, ఒక్కో బిడ్డకు ఆర్థిక సంవత్సరానికి 42 రోజుల దాకా. కారణం అడగరు. డే కేర్ రుసుము తీసుకుంటే ప్రభుత్వ సెలవులూ ఇందులోకే వస్తాయి. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేలకు ఊరంతా సెలవు, మా పాపకు మంగళవారం డే కేర్ రోజు. గుర్రాలు పరుగెత్తాయి, మా అమ్మాయికి గైర్హాజరు పడింది.

ఆ సంగతి తెలిశాక మా అత్తగారు పాపను వారానికి ఒక రోజు ఇంట్లోనే ఉంచుకుంటున్నారు. నిన్న గురువారం అలాంటి రోజే. మధ్యాహ్నం నేను వంటింట్లోకి వెళ్లేసరికి పాప ఆవిడ ఒళ్లో అడ్డంగా పడి నిద్రపోతోంది, చెంప మీద నెయ్యి మెతుకు ఒకటి ఎండిపోయి ఉంది. నా ఫోనులో డే కేర్ యాప్ మోగింది: గైర్హాజరు నమోదైంది, రాయితీ వర్తించింది. ఆ పూట ప్రభుత్వం డబ్బు కట్టింది పది కిలోమీటర్ల అవతల ఖాళీగా ఉన్న చిన్న మంచానికి.

“ఇంకా ఎన్ని ఉన్నాయి అల్లుడు గారూ?” అని అడిగారు ఆవిడ, పాప లేవకుండా గొంతు తగ్గించి.

“పదకొండు.”

“నా టికెట్ జూన్ దాకా ఉంది. సర్దుకోవచ్చు” అన్నారు.